బొగ్గుల పొయ్యి ఇంట్లోకొచ్చిన ఆదివారం

గ్యాసు బండ అంటే రూతమ్మకు వంటింట్లో కట్టేసిన పులి. ఎక్కడో సిలిండర్ పేలిందని ఫోన్‌లో వీడియో వస్తే చాలు, అది ఏ ఊరిదైనా సరే, ఆ పూట సూర్యాపేటలోని తన ఇంట్లో అన్నం ఉడికేదాకా ఆమె గుండె కుదుటపడదు. కోడలు సుజాత పొయ్యి వెలిగించబోతే ముందు కిటికీ తెరిపిస్తుంది, వెనక తలుపు తెరిపిస్తుంది, ఆ పైన రెగ్యులేటర్ దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తుంది.

అందుకే కొడుకు నాని కోదాడ వెల్డింగ్ షాపులో చెప్పి కాళ్లున్న ఇనుప గ్రిల్ పొయ్యి చేయించుకొచ్చినప్పుడు అందరికన్నా ఎక్కువ సంబరపడింది ఆమే.

"బొగ్గుల మీద కాల్చిన ముక్క రుచి గ్యాసుకు రాదమ్మా," అన్నాడు నాని.

"రుచి సంగతి నాకెర్క లేదు బిడ్డా. పేలది. నాకు గంతే చాలు."

"నిప్పు రాజుకునేదాక ఇసురుకుంట కూసుండాలె," అంది సుజాత. "గ్యాసు మీద పెంక పెడితే గంతల తినుడు కూడా అయిపోతది. మిర్యాలగూడల మా అమ్మ పెంక మీదనే కాలుస్తది, వేళ్లు నాకుతం."

"మీ అమ్మకు భయం లేదు. నాకున్నది."

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే వాకిట్లో పొయ్యి పెట్టారు. కోడి ముక్కలకు పెరుగు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి పొద్దున్నే ఉంచింది సుజాత. నాని విసిరి విసిరి బొగ్గులను ఎర్రగా చేశాడు. సగం ముక్కలు ఊచలకు గుచ్చి పెట్టాక చూస్తే ఉల్లిగడ్డలు లేవు, నిమ్మకాయలు లేవు. బండి తీసుకుని పోయాడు. అతను మలుపు తిరిగాడో లేదో, వాన దంచికొట్టింది.

రూతమ్మ మలుపు వైపు చూసింది. బండి జారితే? ఎదురుగా లారీ వస్తే? ఆ బెంగ ఒకవైపు, తడిసిపోతున్న ముక్కలు ఇంకోవైపు. అత్తాకోడళ్లిద్దరూ పాతగుడ్డలు పట్టుకుని పొయ్యిని అటొకరు ఇటొకరు పట్టి ఎత్తి ముందుగదిలోకి మోసుకొచ్చారు.

"ఇల్లంత పొగ అయితదేమో అత్తమ్మా."

"పొగేడుంది? మంచి నిప్పులైనయి, సూడు. పిల్లకు జలుబున్నది, వెచ్చగుంటది. నువ్వు పోయి అన్నం పెట్టు. జర ఆగు, నడిమి తలుపు పెడ్త. నీ గ్యాసు గిట్ల గీడికొచ్చి నిప్పంటుకున్నదనుకో, ఇల్లు ఖతం."

సుజాత నవ్వింది. "గ్యాసు నడుసుకుంట వస్తదా?"

"నడువది. ఉరుకుతది."

కోడలు వంటింట్లోకి పోగానే రూతమ్మ ఇవతలి నుంచి గడియ పెట్టింది. జల్లు కొడుతోందని వీధి తలుపు దగ్గరగా వేసింది. రెండేళ్ల మనుమరాలు రమ్యకు చలిగాలి తగులుతుందని కిటికీ మూసింది. తలుపు కింద సందులో గోనెపట్టా కుక్కింది. గాలి దూరే చోటంటూ లేకుండా చేసి, పిల్లను ఒళ్లో పెట్టుకుని పొయ్యి ముందు కూర్చుని ముక్కలు తిప్పసాగింది. ఇంత నిబ్బరంగా ఈ మధ్యకాలంలో ఎన్నడూ లేదు.

కాసేపటికి తల బరువెక్కింది. పొద్దున చాయ్ తాగలేదు, అందుకే అనుకుంది. కణతలు కొట్టుకుంటున్నాయి. ఒళ్లో పిల్ల కునికింది. పడుకోనీ, అనుకుంది. నాని ఇంకా రాలేదేమని భయపడబోయింది. చిత్రంగా ఆ భయం సగంలోనే ఆగిపోయింది. దేనికి భయపడాలో గుర్తురాలేదు.

మొహం మీద వాన జల్లు పడుతుంటే కళ్లు తెరిచింది. వరండాలో పడి ఉంది. ఎవరో చెంపలు తడుతున్నారు.

"అత్తమ్మా! కండ్లు తెరువు! గాలి పీల్చు!"

సుజాత భుజం మీద రమ్య తల వాలిపోయి ఉంది. రూతమ్మ లేవబోతే కాళ్లు రాలేదు. పాకి, అందిన చిన్న పాదాన్ని పట్టుకుంది. ఇన్నేళ్లూ ఎన్నో ఊహించి భయపడింది గానీ ఇది మాత్రం ఊహకు రాలేదు.

అప్పుడు పిల్ల భళ్లున కక్కింది. కక్కి, గుక్కపట్టి ఏడ్చింది.

"ఏడువు తల్లీ," అంది రూతమ్మ, "ఇంకా ఏడువు."

సుజాత ఈడ్చిపడేస్తే వాకిట్లో బోర్లాపడిన పొయ్యి మీద వాన చుయ్ చుయ్‌మంటోంది. సంచితో వచ్చిన నాని దాన్నీ వీళ్లనూ చూసి నిమ్మకాయలు అక్కడే వదిలేసి ఆటో కోసం ఉరికాడు.

దవాఖానలో నానమ్మకూ మనుమరాలికీ ఆక్సిజన్ పెట్టారు. పిల్ల తేరుకుని మాస్కు పీకడం మొదలుపెట్టాక డాక్టరమ్మ కూర్చుని చెప్పింది. "పొగ కనపడకపోయినా బొగ్గుల నుంచి విషపుగాలి వస్తుందమ్మా. దానికి వాసన ఉండదు. గ్యాస్ లీకైతే వాసనొచ్చి మనకు తెలుస్తుంది, ఇది తెలియదు. ఇంట్లోకి తేనే వద్దు. ఇంకొంచెం ఆలస్యమైతే..."

"చెప్పకు తల్లీ," అంది రూతమ్మ.

"మీకెట్లా తెలిసింది?" అని సుజాతను అడిగింది డాక్టరమ్మ.

"మా అత్తమ్మ ఊకున్నది మేడం. నేను వంటింట్ల ఉంటే మాటిమాటికి అడుగుతది, బండ బంద్ చేసినవా, వాసనొస్తుందా అని. ఇయ్యాల కుక్కర్ కూతలు పెట్టినా అడగలే. పిలిస్తే పలకలే. తలుపేమో అటు గడియ. ఎనక తలుపుకెల్లి సందుల పడి ఉరికొచ్చిన."

నాని నవ్వబోయాడు. "సూసినవా అమ్మా, నీ పరేషానే పానం కాపాడింది."

"కాదురా. తలుపులన్ని పెట్టింది గా పరేషానే. కాపాడింది గీ కోడలు బిడ్డ."

పొద్దుగూకేవేళకు ఇంటికి పంపారు. గిన్నెలో మిగిలిన ముక్కలను సుజాత పెంక మీద వేసింది. నడిమి తలుపు బార్లా తెరిచి, ఆ గడప మీదే కూర్చుంది రూతమ్మ.

"బండ బంద్ చేసినవా?"

"ఇప్పుడే అంటించిన అత్తమ్మా!" అని సుజాత అరిచింది, ఆ మాట విన్నందుకేమో, అరుపులో నవ్వు ఉంది.

అన్నాల ముందు ప్రార్థన ఎప్పుడూ నాని చేస్తాడు. "ఇయ్యాల నేన్ చేస్త," అంది రూతమ్మ. ఆమె ప్రార్థనంటే ఇంట్లోవాళ్లకు హడల్. లారీలు, పాములు, జ్వరాలు, కరెంటు తీగలు, అన్నింటి నుంచీ పేరుపేరునా కాపాడమని అడిగేసరికి కూర చల్లారిపోతుంది.

"ప్రభువా, మిర్యాలగూడల గన్ని ఇండ్లుంటే ఈ పిల్లను మా ఇంటికే తోలినవ్. నీకు స్తోత్రం. గింత మంచి పిల్లను..."

ఆగిపోయింది. అడగడానికి ఏమీ తోచలేదు. అందరూ కళ్లు మూసుకుని ఎదురుచూశారు.

"ఆమేన్ అను అత్తమ్మా," గుసగుసగా అంది సుజాత, "పిల్ల ముక్క పట్టుకున్నది. కాలుతది."

"ఆగు ప్రభువా," అని కళ్లు తెరిచి, రూతమ్మ ఆ ముక్కను రమ్య చేతిలోంచి తీసుకుని ఊదసాగింది. ఆమేన్ నాని చెప్పాడు.