నాలుగు ఫొటోల తర్వాత

డేవిడ్ కెమెరా వరసగా నాలుగు ఫొటోలు తీసి ఆగిపోయేది. వెనక ఎర్ర లైటు వెలిగేది. తీసిన నాలుగూ కార్డులోకి ఎక్కేదాకా మీట ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. రీలు కెమెరాతో ముప్ఫయ్యారు ఫొటోల్లో పెళ్లంతా లాగించినవాడికి, కొన్న కొత్తలో అదొక లోపమనే తోచలేదు. ఐదేళ్లు గడిచేసరికి ఆర్మూర్‌లో పెళ్లివాళ్ల చూపు మారింది. తలంబ్రాల వేళ నాలుగు నొక్కి నిలబడిపోయిన డేవిడ్‌ను చూసి, "ఏందన్నా, కెమెరా నిద్రవోయిందా?" అని నవ్వడం మొదలైంది.

2009 మాఘమాసంలో మాక్లూర్ హరీశ్ కొత్త కెమెరా బాడీ కొన్నాడు. డేవిడ్ దగ్గరే పని నేర్చుకుని మాక్లూర్‌లో సొంత స్టూడియో పెట్టుకున్నవాడతను. ఇద్దరూ చెరొక పత్రికకు వార్తల ఫొటోలు కూడా పంపేవారు. కొత్తది సెకనుకు ఆరు తీసేది. హరీశ్ దాన్ని డేవిడ్ చేతిలో పెట్టి మీట నొక్కించాడు. కుట్టుమిషను తిరిగినట్టు టకటకమంది.

"నీ లెన్సులన్నీ దీనికి వడ్తయి అన్నా. బాడీ ఒక్కటి మారిస్తే అయిపాయె. ఇంకెన్ని దినాలు గా డబ్బాతోని కొట్లాడ్తవు?" అన్నాడు హరీశ్.

డేవిడ్ భార్య కరుణశ్రీ స్టూడియోలోనే కూర్చుని ఆల్బములు చేసేది. ఆమెదీ అదే మాట. "గిరాకీ మాక్లూర్ దిక్కు మర్లుతున్నది. నీకు కనవడ్తలేదా?"

"కనవడ్తున్నది. పసుపు సీజన్ ఒడవనీ, చూద్దాం," అన్నాడు డేవిడ్. మోజు లేక కాదు. పాత బాడీ బరువు చేతికి అలవాటైపోయింది. కళ్లు మూసుకుని దాని మీటలన్నీ తిప్పగలడు. ఇవాళ రేపంటూ ఫాల్గుణం దాకా నెట్టుకొచ్చాడు.

ఫాల్గుణంలో ఒక సోమవారం పొద్దున్నే మార్కెట్ యార్డులో గొడవ మొదలైందని కబురొచ్చింది. డేవిడ్ వెళ్లేసరికి కమీషన్ వ్యాపారి చంద్రయ్య అడ్తి దుకాణం ముందు రెండు వందల మంది మూగి ఉన్నారు. ఇందల్వాయి అవతలి నుంచి పసుపు తెచ్చిన ధర్మయ్య అనే రైతు కాంటా మీద ఎక్కి కూర్చున్నాడు. వేలంలో ఒక రేటు ఒప్పుకుని, తూకం దగ్గర తేమ ఉందంటూ చంద్రయ్య రేటు కోశాడట. ధర్మయ్య భార్య గంగవ్వ రాశి పక్కన నిలబడి, ఎండిన కొమ్ములు దోసిలిలో పట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది.

"చెయ్యి పెట్టి చూడుండ్రి, తేమ యాడున్నదో! ఇరిస్తే ఫట్టుమంటున్నది."

హరీశ్ అప్పటికే బస్తాల వరసెక్కి నిలబడ్డాడు. డేవిడ్ కింద, జనంలోనే ఉన్నాడు.

"కాంటా దిగుతవా, దించాలా?" అన్నాడు చంద్రయ్య.

ధర్మయ్య పిడికెడు కొమ్ములు తీసి చంద్రయ్య ముఖాన కొట్టాడు. ఆ తర్వాత ఎవరి చెయ్యి ముందు లేచిందో ఎవరూ చెప్పలేకపోయారు. చంద్రయ్య మనుషులు కర్రలతో దిగారు. రైతులు కాంటా రాళ్లు అందుకున్నారు. ఐదు కిలోల రాయి ఒకటి గాలిలో లేచి ఎవరి నెత్తి మీదో పడింది. పుచ్చకాయ పగిలినట్టు చప్పుడైంది. ఒక ముసలాయన నుదురు చీలి, నెత్తురు పసుపు రాశి మీద కారి, ఎర్రటి ముద్దలు కట్టింది. డేవిడ్ ఒకటి తీశాడు. కర్రకు అడ్డం పెట్టిన మోచెయ్యి విరిగి వేలాడుతుంటే రెండోది. కాంటా మీది నుంచి కాళ్లు పట్టి లాగితే ధర్మయ్య దవడ ఇనుప చట్రానికి కొట్టుకున్నప్పుడు మూడోది. పళ్లు ఉమ్మేస్తూ అతను బోర్లా పడ్డప్పుడు నాలుగోది.

ఎర్ర లైటు వెలిగింది.

డేవిడ్ మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. కదల్లేదు. కెమెరా కంటి ముందు నుంచి దించాడు. అప్పుడు కనిపించాడు స్వామి. డేవిడ్ ఉండే వాడలోనివాడే, చంద్రయ్య దగ్గర హమాలీ. ముప్ఫై ఏళ్లుంటాయి. బస్తాలు లాగే ఇనుప కొక్కెం చేతిలో ఉంది. దాన్ని ధర్మయ్య భుజంలో దింపి బస్తాను లాగినట్టే లాగాడు. అంగీతో పాటు కండ చీలి లేచింది. ధర్మయ్య అరుపు సగంలోనే ఆగిపోయింది. గంగవ్వ వచ్చి మొగుడి మీద బోర్లా పడింది. స్వామి కొక్కెం మళ్లీ ఎత్తాడు. చంద్రయ్య వెనక నుంచి "ఏయ్, ఏయ్!" అని అరుస్తూనే ఉన్నాడు.

పైన బస్తాల మీద హరీశ్ కెమెరా టకటకమంటూనే ఉంది.

"స్వామీ! ఒద్దురా!"

స్వామి వినలేదు. వినే స్థితిలో లేడు. డేవిడ్ కెమెరా పట్టీని మణికట్టుకు చుట్టి, ఉరికి, బలమంతా పెట్టి తిప్పి కొట్టాడు. బాడీ, పెద్ద లెన్సు, పైన ఫ్లాషు, అంతా కలిసి రెండు కిలోల బరువు స్వామి ఎడమ కంటి మీద పడింది. ఎముక విరిగిన అదురు డేవిడ్ మోచేతి దాకా పాకింది. లెన్సు ఊడి ఎటో ఎగిరిపోయింది. స్వామి కొక్కెం వదిలేసి రెండు చేతులా ముఖం పట్టుకుని కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు మాత్రమే కాదు, ఇంకేదో కారింది.

"అన్నా..." అన్నాడు స్వామి. ఎవరు కొట్టారో అప్పుడే గుర్తుపట్టాడు.

పోలీసులు వచ్చి లాఠీలు ఝళిపించారు. దొరికిన వాళ్లను దొరికినట్టు బాదారు. ధర్మయ్యనూ స్వామినీ ఒకే ట్రాలీలో వేసి దవాఖానకు తీసుకుపోయారు.

తెల్లవారి హరీశ్ పంపే పత్రికలో ఫొటో వచ్చింది. హరీశ్ పది పంపితే డెస్కు వాళ్లు వేసింది ఒక్కటే. అందులో డేవిడ్ పళ్లు బిగించి కెమెరా తిప్పి కొడుతున్నాడు, స్వామి ముఖం పక్కకు తిరిగిపోయి ఉంది. ధర్మయ్య లేడు, గంగవ్వ లేదు, కొక్కెం లేదు. 'యార్డులో హమాలీపై ఫొటోగ్రాఫర్ దాడి' అని శీర్షిక. ఎస్సై డేవిడ్‌ను పిలిపించి కేసు రాశాడు.

ఆ సాయంత్రం చంద్రయ్య మనుషులు నలుగురు స్టూడియోకు వచ్చారు. వస్తూనే లైట్లు పగలగొట్టారు. వెనక తెర చించేశారు.

"కార్డు ఏది?"

"నా దాంట్ల నాలుగే ఉన్నయి. కొక్కెం ఫొటో లేదు," అన్నాడు డేవిడ్.

నమ్మలేదు. కార్డు లాక్కుని బూటు కింద వేసి నలిపారు. లైటు స్టాండు తీసి వీపు మీద, డొక్కలో కొట్టారు. ఒకడు అతని కుడిచేతిని బల్ల మీద పరిచి పట్టుకున్నాడు. ఇంకొకడు చూపుడు వేలును వెనక్కి విరిచాడు. ఎండు పుల్ల విరిగినట్టే విరిగింది. డేవిడ్ నోటి నుంచి వచ్చిన కేక తనదని అతనికే తెలియలేదు.

"ఇంకో ఏలు పట్టు," అన్నాడు మొదటివాడు.

ఆ మాటకు కరుణశ్రీ లోపలి నుంచి వచ్చింది. చేతిలో ఆల్బము అట్టలు కోసే కత్తి ఉంది. బెదిరించలేదు, తిట్టలేదు. వచ్చీ రావడంతోనే డేవిడ్ చెయ్యి పట్టుకున్నవాడి ముంజేతిని మోచేతి దాకా గీసేసింది. వాడు కుయ్యిమని వెనక్కి పడ్డాడు. నెత్తురు గోడ మీది ఫొటోల మీద చిమ్మింది. కరుణశ్రీ కత్తి దించకుండా రెండోవాడి వైపు తిరిగింది.

"రా."

ఎవరూ రాలేదు. గాయపడ్డవాణ్ని లాక్కుని వెళ్లిపోయారు. వాళ్లు మలుపు తిరిగాక ఆమె మెట్ల మీద కూర్చుని వాంతి చేసుకుంది.

మూడో రోజు హరీశ్ వచ్చాడు. రెండు రాత్రులు నిద్రలేని ముఖం. డేవిడ్ వేలికి కట్టు, పక్కటెముకలకు పట్టీ చూసి లోపలికి రావడానికే జంకాడు.

"చంద్రయ్య ఇంటికి వచ్చిండన్నా. అన్నీ తుడిచెయ్యిమన్నడు. లేకుంటే నీ ఏలు లెక్కనే అయితదన్నడు."

"తుడిచేసినవా?"

"లేదు."

కెమెరా తెచ్చి డేవిడ్ ముందు పెట్టాడు. డేవిడ్ ఎడమచేత్తో ఒక్కొక్కటీ జరుపుతూ చూశాడు. కొక్కెం దిగడం, కండ లేవడం, గంగవ్వ పడటం, కొక్కెం మళ్లీ లేవడం అన్నీ ఉన్నాయి. ఒక్క క్షణం కూడా జారలేదు. వెనక చంద్రయ్య చెయ్యి ఊపుతూ ఉసిగొల్పడం కూడా నీళ్లంత తేటగా ఉంది.

"ఎన్ని ఉన్నయి?"

"ముప్పయ్యొకటి."

"నేను అడ్డం వచ్చేదాక ఎన్ని తీసినవు?"

హరీశ్ తల దించుకున్నాడు. "పంతొమ్మిది."

హరీశ్ ఒక ఫొటో దగ్గర ఆపి దాన్ని పెద్దది చేశాడు. మొగుడి మీద పడి ఉన్న గంగవ్వ తల పైకెత్తి నేరుగా కెమెరాలోకి చూస్తోంది. నోరు తెరిచి ఉంది.

"నన్నే పిలుస్తున్నదన్నా. తీసేటప్పుడు నాకు కనవడలే. ఇంటికి వోయి పెద్దగ చేస్తె కనవడ్డది. నేను ఆమెను జూసుకుంటనే మీట వట్టుకోని ఉన్న."

డేవిడ్‌కు అతన్ని తిట్టాలనిపించింది. కానీ తన చేతిలోనూ ఆ కెమెరానే ఉంటే? ఆ ప్రశ్న అప్పటికే పక్కటెముకల నొప్పితో పాటు అతన్ని పొడుస్తోంది. ఎర్ర లైటు వెలగకపోతే తాను కెమెరా దించి ఉండేవాడా? దించేవాణ్నని ఒట్టు పెట్టలేకపోయాడు.

"పోదాం పా. ఎస్సైకి ఇద్దాం," అన్నాడు.

"నువ్వు లేవొద్దన్నా. నేనే పోత."

హరీశ్ ముప్ఫయ్యొక్కటీ సీడీలోకి ఎక్కించి స్టేషన్‌లో ఇచ్చాడు. ఇంకొకటి ధర్మయ్య వకీలుకు ఇచ్చాడు. తిరిగివస్తుంటే అతని బండిని జీపుతో గుద్దారు. తొడ ఎముక విరిగి మూడు నెలలు మంచంలో ఉన్నాడు గానీ ఫొటోలు వెనక్కి తీసుకోలేదు. చంద్రయ్య అరెస్టయ్యాడు, బెయిలు మీద వచ్చాడు, దుకాణం మూసుకున్నాడు. డేవిడ్ మీది కేసు నిలవలేదు. ధర్మయ్య బతికాడు. కుడిచెయ్యి మాత్రం మళ్లీ భుజం పైకి లేవలేదు.

పాత బాడీని నిజామాబాద్ మెకానిక్ విప్పి చూశాడు. లెన్సు బిగించే చట్రం మార్చితే బాగవుతుందన్నాడు. డేవిడ్ వారం పాటు ఆలోచించాడు. చివరికి కొత్త బాడీయే కొన్నాడు. అది మంచిదనో, చేతిలో అదే ఉన్నా ఆ రోజు దించేవాణ్ననో నమ్మి కాదు. హరీశ్ తీసిన ఆ ముప్ఫయ్యొక్క ఫొటోలు లేకపోతే తాను జైల్లో ఉండేవాడు, చంద్రయ్య కాంటా దగ్గర ఉండేవాడు. అది కూడా నిజమే కదా అనుకున్నాడు.

వేసవి చివర్లో స్వామి తల్లి సాయవ్వ స్టూడియో గుమ్మంలో నిలబడింది. వెనక స్వామి ఉన్నాడు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట కుట్లు పడి లోపలికి గుంజుకుపోయిన తోలు ఉంది. సాయవ్వ వస్తూనే డేవిడ్ చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. డేవిడ్ చెయ్యి అడ్డం పెట్టలేదు. కరుణశ్రీ లేవబోతే వద్దన్నట్టు చూశాడు.

"చాలవ్వా," అన్నాడు స్వామి. "నేను ఆ ధర్మయ్య పెండ్లాన్ని గూడ కొట్టేటోన్నే. కొక్కెం ఎత్తిన కదా."

సాయవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "వికలాంగుల సర్టిఫికెట్‌కు ఫొటో కావాలన్నరు. దీస్తవా, ఇంకో దిక్కు పోవాల్నా?"

"కూసోండ్రి," అన్నాడు డేవిడ్.

స్వామిని స్టూలు మీద కూర్చోబెట్టి లైటు వేశాడు. వంగని చూపుడు వేలిని పక్కకు జరిపి, మధ్య వేలు మీట మీద పెట్టుకుని కెమెరా ఎత్తాడు. అది ఎత్తడంతోనే స్వామి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, గోడ దాకా వెనక్కి ఒరిగిపోయాడు. స్టూలు కింద పడింది.

డేవిడ్ కెమెరాను వెంటనే దించాడు. స్టూలు లేపి పెట్టాడు. స్వామి రొప్పుతూ నిలబడ్డాడు.

"ఏమనుకోకన్నా," అన్నాడు. "చెయ్యి దానంతట అదే లేస్తున్నది."

డేవిడ్ కెమెరాను స్టాండుకు బిగించాడు. స్వామి మళ్లీ వచ్చి కూర్చునేదాకా, ఊపిరి కుదుటపడేదాకా, దానికి దూరంగా తలుపు దగ్గర నిలబడ్డాడు.