చూసుకునే మనిషి

అత్తగారు రుద్రమ్మ గారి వీపు తుడిచి పౌడరు అద్దుతుండగా బెల్లు మోగింది. ఛాయాదేవి తడిచేతులు కొంగుకు తుడుచుకుని తలుపు తీసింది. పంజాగుట్టలోని ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి చంద్రిక అనే అమ్మాయి వచ్చింది. ఇళ్లలో ఉన్న పెద్దవాళ్లకీ, వాళ్లను చూసుకునేవాళ్లకీ ఏం అవసరమో అడిగి రాసుకుపోవడం ఆమె ఉద్యోగం.

పక్షవాతంతో అత్తగారికి ఎడమవైపు పడిపోయి రెండేళ్లు. ఈ అమీర్‌పేట ఫ్లాటులో ఆవిడ తిండీ, స్నానమూ, పక్కబట్టలూ అన్నీ ఛాయ చేతుల మీదుగానే జరుగుతున్నాయి. తోటికోడలు, మరిది కేదార్ భార్య శ్రీలేఖ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ప్రతి ఆదివారం శ్రీనగర్ కాలనీ నుంచి వస్తుంది. కొత్త శాంట్రో తాళాలు టీపాయ్ మీద పడేసి, అత్తగారికి పది నిమిషాలు తల దువ్వి వెళ్లిపోతుంది. "దాని చెయ్యి ఎంత మెత్తనో!" అని ఆవిడ వారమంతా చెబుతూనే ఉంటుంది. శ్రీలేఖ జీతం మీద, కారు మీద లేని కుళ్లు ఛాయకి ఆ ఒక్క మాట మీద ఉంది. ఒకసారైతే శ్రీలేఖ అల్లిన జడని పనిగట్టుకుని విప్పి మళ్లీ అల్లింది. ఆ తర్వాత బాత్‌రూమ్‌లో నిలబడి తనని తానే తిట్టుకుంది.

"అమ్మా, మిమ్మల్ని రోజు ఎవరు చూసుకుంటున్నరు?" మంచం పక్కన కూర్చుని చంద్రిక అడిగింది.

"మా చిన్న కోడలు శ్రీలేఖ. బంగారం!"

చంద్రిక రాసుకుంది. ఛాయ చేతిలోని బేసిన్‌లో నీళ్లు తొణికాయి. ఆ అమ్మాయి తలెత్తి, బేసిన్‌నీ, పగిలిన ఆ వేళ్లనీ చూసి పేజీ తిప్పింది.

"గీ పేజీ చూసుకునేటోళ్లది. చేసేది మీరే గదా మేడం? మీకేం కావాలె?"

"ఆవిడకేం కావాలమ్మా, ఇంట్లోనే ఉంటుందిగా" అన్నాడు భర్త అచ్యుతరావు, పేపరు దించకుండానే.

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అత్తయ్య నోట నా పేరు రావాలి అనబోయింది ఛాయ. అడిగి చెప్పించుకునే మెప్పు ఎందుకని గొంతులోనే ఆపేసింది.

"పేరు తప్పు రాసిన, కొట్టేస్త" అంది చంద్రిక.

"వద్దమ్మా, అలాగే ఉంచు. అడ్రసు మార్చు. వచ్చే ఆదివారం నుంచి నెలరోజులు అత్తయ్యగారు శ్రీనగర్ కాలనీలో శ్రీలేఖ దగ్గర ఉంటారు."

పేపరు కిందికి దిగింది. "మతిపోయిందా? వాళ్లిద్దరూ ఆఫీసులకి పోతే అమ్మని చూసేదెవరు?"

"కేదార్ కూడా ఆవిడ కొడుకే కదండీ. సెలవు పెట్టుకుంటాడు. మీరూ వెళ్లి సాయం ఉండండి."

రుద్రమ్మ గారి కుడిచెయ్యి ఛాయ చీరని గట్టిగా పట్టుకుంది. "అక్కడ నాకెవరు చేస్తారే? నా ఒళ్లు నీకు తప్ప ఎవరికి తెలుసే, ఛాయా?"

రెండేళ్లుగా ఆకలిగా ఎదురుచూసిన మాట. ఛాయ కళ్లు తడిశాయి. ఆ మాట వింటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనే అనుకుంది ఇన్నాళ్లూ.

ఆ వేళ్లని మెల్లగా విడిపించి, దుప్పటి సరిచేసి, చంద్రిక వైపు తిరిగింది.

"శ్రీలేఖ ఫోన్ నంబరు చెబుతాను, రాసుకోమ్మా."