గాజుపరక దాచిన పిల్లలు

కదిర్కామం అవతలి చెరువు పక్క వీధుల్లో దీపావళి వచ్చే ఐప్పసి నెల వాన మొదలైందంటే ఆడవాళ్లు ముందు ఫ్యాన్లు ఆపుతారు, ఆరేసిన బట్టలు తర్వాత తీస్తారు. వానధార పట్టుకుని చెరువులోని గాజుపరకలు గాల్లో ఈదుకుంటూ ఇళ్లలోకి వస్తాయి మరి. ఫ్యాను రెక్కలు తగిలితే పాపం కదా! వేలెడంత చేప, లోపలి ముల్లు కూడా కనిపించేంత తేట. లోకం మొత్తంలో ఈ ఒక్క చెరువులోనే ఉందని కాలేజీవాళ్లు చెప్పిపోయారు. ఇల్లంతా ఒకసారి చుట్టి, వాన వెలిసేలోగా నీళ్లకు మళ్లిపోతాయి.

చెరువు గుత్త దినకరన్‌ది. కొన్నేళ్ల కిందట అందులో జిలేబి అనే చేప పిల్లల్ని వదిలాడు. అవి గాజుపరక గుడ్లను బొరుగుల్లా మింగుతున్నాయని తెలిసీ పట్టించుకోలేదు. కొత్త కాలనీల మురుగూ అందులోకే చేరింది. ఏటేటా వీధిలోకి వచ్చే పరకలు పలచబడ్డాయి. ఈసారి ఇంకా పెద్దజాతి చేపలు వేయాలని, ముందు చెరువులో ఉన్నవన్నీ చంపడానికి ఇప్పచెక్క మూటలు వరండాలో దించుకున్నాడు. తెల్లారితే నీళ్లలో కలపడమే.

"ఆ చెక్క పోస్తే పరకలు కూడా పోతాయి గదరా," అంది తల్లి మీనాంబాళ్.

"యాడుండాయిమా అవి? పోయినేడు ఒకటన్నా వచ్చిందా?"

"రాకుంటే లేనట్టేనా? మీ మామ కూడా రెండేండ్లుగా రాలేదు."

అప్పుడే వాన దిగింది. వీధి పొడుగునా ఫ్యాన్లు ఆగాయి. ఎదురింటి పూంగావనం గడపలో నిలబడి ఆశగా ఆకాశం చూస్తోంది. దినకరన్ మాత్రం ఫ్యాన్ కింద మంచం మీద కదలకుండా పడుకున్నాడు.

కిటికీలోంచి ఒక పరక వచ్చింది. ఒక్కటే.

"రేయ్, ఫ్యానురా!"

మీనాంబాళ్ స్విచ్ నొక్కింది గానీ, ఆపగానే ఆగుతుందా ఫ్యాను? చేప తిన్నగా రెక్కల వైపే పోతోంది. దినకరన్ ఏమీ ఆలోచించలేదు. మంచం మీద లేచి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక దాకా అదిరింది. రెక్క ఆగింది.

పరక అతని ముఖానికి ఎదురుగా నిలిచి నోరు తెరిచింది. బియ్యపు నూకలంత పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చాయి. గుడ్లు పెట్టే చోటు చెరువులో మిగలక, తల్లిపరక వాటిని నోట్లోనే పొదిగింది. దీపం వెలుగు వాటి ఒంట్లోంచి పోయి గోడలన్నీ నీళ్లలా ఊగాయి. దినకరన్ చేతి దెబ్బ మరిచి వాటినే చూశాడు. ఇంత అందాన్నా తాను చంపబోయింది!

వాన వెలిసింది. పరక చెరువుకు పోలేదు. పిల్లలతో సహా వంటింటి మంచినీళ్ల డ్రమ్ములోకి దిగింది.

"మనం తాగేదానికి ఏంది దారి?" అంది మీనాంబాళ్.

"పూంగావనం అక్క ఇంట్లో తెచ్చుకుందాం మా."

మర్నాడు ఇప్పచెక్క మూటలు విప్పకుండా వరండాలోనే వదిలేసి, వాచిన చేత్తోనే చెరువులో వల వేశాడు. జిలేబిలన్నీ తీసేదాకా వేస్తానన్నాడు. ఒక జత మిగిలినా చెరువు మళ్లీ వాటితోనే నిండిపోతుందనీ, ఈ పనికి తన ఆయుష్షు చాలకపోవచ్చనీ అతనికి తెలుసు. అయినా వల విసిరాడు.