నీళ్లలో దాటిన పక్షులు

మూడు రోజుల్లో తొమ్మిదిసార్లు తప్పాడు పెద్దింటయ్య.

కొల్లేట్లో అతని చెవికి తిరుగులేదు. రెల్లు చాటున బాతు రెక్క విదిలిస్తే చాలు, అది ఎటువైపు ఉందో వేలు పెట్టి చూపిస్తాడు. తాడేపల్లిగూడెం రైతు జోగారావుకు పక్షులంటే పిచ్చి. ఆ చెవిని నమ్ముకునే, కార్తీకంలో కోతలకు ముందు తీరిక చూసుకుని పెద్దింటయ్యతో పాపికొండలకు వచ్చాడు. చూడాల్సింది ఒక్కటే, ముక్కు మీద కొమ్మున్న పెద్ద పక్షి. "చూపించకుండా తిరిగొస్తే నా పేరు పెద్దింటయ్యే కాదండీ" అని రైలెక్కేముందు నలుగురిలో అనేశాడు పెద్దింటయ్య.

ఇక్కడ కొండలు అతని చెవితో ఆడుకుంటున్నాయి. గోదావరికి అటూ ఇటూ గోడల్లా లేచిన కొండలు. ఆ పక్షి ఎగిరితే రెక్కల చప్పుడు రైలింజను ఆవిరి వదిలినట్టుంటుంది. అది రెండు కొండలకూ తగిలి మార్మోగుతుంది. ఎడమవైపని చూపిస్తే పక్షి కుడికొండ మీంచి పోతుంది. తల తిప్పేసరికి ఆకాశం ఖాళీ.

"ఈసారి రెండు చేతులూ చూపించెయ్ మావా, ఏదో ఒకటి తగుల్తది" అన్నాడు పడవ నడిపే సూర్రావు.

జోగారావు నవ్వలేదు. పెద్దింటయ్యకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

"పోనీలేవయ్యా. మధ్యాహ్నం లాంచీకి వెళ్లిపోదాం" అన్నాడు జోగారావు.

అప్పుడే మళ్లీ ఆ చప్పుడు. నాలుగు వైపుల నుంచీ ఒక్కసారే. పెద్దింటయ్య వేలెత్తాడు. దించేశాడు.

"సూర్రావ్, తెడ్డు ఆపు! బాబుగారూ, తలెత్తకండి. నీళ్లలోకి చూడండి."

"నీళ్లలో పక్షేమిటయ్యా?"

"కొల్లేట్లో దోనెలో కూర్చుని మేం పైకి చూడమండీ. మొహం కనిపిస్తే బాతులు లేచిపోతాయి. నీళ్లలోనే చూస్తాం. ఈ వెధవ చెవిని నమ్ముకుని అదే మర్చిపోయానండీ."

పడవ నిలిచింది. అలలు సద్దుమణిగాయి. రెండు కొండలూ నీళ్లలో తలకిందులుగా నిలబడ్డాయి. మధ్యలో సన్నటి ఆకాశం.

ముందు ముక్కు వచ్చింది. పసుపుపచ్చటి ముక్కు, దాని మీద కొమ్ము. వెనక నల్లటి రెక్కలు. ఒకటి కాదు. ఒకదాని వెనక ఒకటి ఏడు పక్షులు, తొందరేమీ లేనట్టు, పడవ కింద ఎక్కడో లోతున ఆ కొండ నుంచి ఈ కొండకు దాటాయి.

జోగారావు పడవ అంచు మీంచి ముందుకు వంగాడు. అతని తలపాగా జారి నీళ్లలో పడబోతే సూర్రావు పట్టుకున్నాడు.

అప్పుడు తలెత్తాడు పెద్దింటయ్య. పుట్టినప్పటి నుంచి చదును నేలే చూసినవాడు. ఇన్నాళ్లూ వేలు చూపించే హడావుడిలో ఈ కొండల్ని చూడనే లేదు. నేల ఇంత ఎత్తుకు లేస్తుందా! పైన, ఎండ తగిలే అంచున, ఏడో పక్షి నలుసంతై చెట్లలో కలిసిపోయింది. అతనికి తెలియకుండానే చేతులు జోడించాడు.

"లాంచీ టైమవుతోందండీ" అన్నాడు సూర్రావు, గొంతు తగ్గించి.

"పోతే పోనీ" అన్నాడు జోగారావు, నీళ్ల మీంచి చూపు తిప్పకుండా. "పెద్దింటయ్యా, తల దించవయ్యా. ఎనిమిదోది ఉందేమో!"