మూడో ఆదివారం తొలి అడుగు

తమ్ముడి ఇంట్లో వంటగది తలుపు మీద అంటించిన కాగితం కంటబడినప్పుడల్లా అక్కగారికి ఒళ్లు మండేది. తమ్ముడు బస్సు డిపోలో టైంటేబుల్ వేసే ఉద్యోగి. ఏ బస్సు ఏ మలుపు దగ్గర ఎన్ని నిమిషాలు ఆగాలో పదిహేనేళ్లుగా గళ్లు గీసి తేలుస్తున్నాడు. ఆ విద్యేదో డిపోలోనే వదిలేసి ఇంటికి రావచ్చు కదా. రాడు. ఎండలు ముదిరేలోగా, చెట్లు పూత మీదున్న ఐదు ఆదివారాలకీ ఐదు షికార్లు రాశాడు. ఒక్కో షికారుకి ఎదురుగా, ఆ రోజు పిల్లలు జీవితంలో మొదటిసారి చేయవలసిన ఘనకార్యం కూడా రాశాడు. మొదటి ఆదివారం, సరస్సు: పెద్దది బాతులకు రొట్టె వేయుట. రెండో ఆదివారం, కొండ మీది పార్కు: చంటాడు కమలాపండు రుచి చూచుట. మూడో ఆదివారం, పూలతోట, పదకొండు గంటల పది నిమిషాలకు: చంటాడి తొలి అడుగు.

"పుట్టుట, ఏడ్చుట కూడా రాయాల్సిందిరా. గడులు ఖాళీగా ఉన్నాయి," అంది అక్కగారు.

"నీకన్నీ వేళాకోళమే అక్కా. జ్ఞాపకాలు వాటంతటవే మిగలవు. ప్లాన్ చేసుకోవాలి," అన్నాడు తమ్ముడు గంభీరంగా.

అక్కగారు పెదవి విరిచింది. ఆమెది బట్టలు సరిచేసే దుకాణం. పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, పోయిన జిప్పులు మార్చడం, బిగుతైన కోట్లు వదులు చేయడం ఆమె పని. పాతికేళ్లుగా పెదవుల కుడి కొసన గుండుసూదులు పట్టుకుని పనిచేస్తూ, మాటైనా నవ్వైనా ఎడమ కొస నుంచే రావడం అలవాటైపోయింది. ఎవరి మీదైనా చులకన కలిగితే ఆ ఎడమ కొస దానంతటదే పైకి లేచేది. ఈ మధ్య అది కిందికి దిగే తీరికే లేకుండా పోయింది.

ఎలా దిగుతుంది? కమలాపండు సంగతే తీసుకోండి. చంటాడు నెల రోజులుగా ఇంట్లో కమలాతొనలు జుర్రుతూనే ఉన్నాడు. అయినా కొండ మీద వాడి మూతి తుడిచి, "మళ్లీ మొదటిసారి" అంటూ మూడుసార్లు తినిపించి ఫొటోలు తీశారు. నాలుగోసారి వాడు తొనని తండ్రి కళ్లజోడు మీద ఉమ్మాడు. ఆ కుటుంబం మొత్తంలో బుర్ర ఉన్నది ఆ పదకొండు నెలలవాడికేనని అక్కగారికి ఆ క్షణాన రూఢి అయింది.

వాడికీ, ఇంకొకరికీ. ఆ ఇంకొకరు పెద్దది, అంటే తమ్ముడి కూతురు. ఐదేళ్లది. మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు పిల్లలిద్దరూ అక్కగారి దుకాణంలోనే ఉండేవారు. మరదలు మందుల షాపులో సాయంత్రం దాకా నిలబడే ఉద్యోగం చేస్తుంది మరి. పెద్దది బల్ల కింద కూర్చుని బొత్తాలను రంగుల వారీగా డబ్బాల్లో వేసేది. ఎవరైనా లావుపాటాయన వచ్చి తన నడుము కొలత రెండంగుళాలు తగ్గించి చెబితే, అత్త వైపు చూసి ముసిముసిగా నవ్వేది. ఆ రెండు మధ్యాహ్నాల కోసమే అక్కగారు వారంలో మిగతా రోజులు నెట్టుకొచ్చేదని చెబితే ఆమె ఒప్పుకోదు కానీ, నిజం మాత్రం అదే. తలుపు మీది కాగితంలో అట్టడుగున, చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది: "వచ్చే నెల నుంచి పిల్లలను శిశు సంరక్షణ కేంద్రంలో చేర్చు విషయం ఆలోచించవలెను." మిగతా కాగితమంతా చూసి వెక్కిరించే అక్కగారు ఆ వాక్యం మీద మాత్రం ఎన్నడూ నోరు విప్పలేదు.

మూడో ఆదివారానికి ముందు మంగళవారం తమ్ముడు పిల్లల్ని దింపుతూ ఒక హెచ్చరిక కూడా దింపిపోయాడు.

"అక్కా, వీణ్ణి నేల మీద వదలకు. పట్టుకుని నిలబడుతున్నాడు. పొరపాటున ఇక్కడే నడిచేస్తే ఆదివారం ఏం చెయ్యాలి?"

"ఆదివారాన్ని రద్దు చెయ్. మీ డిపోలో చేస్తారుగా."

"నవ్వులాట కాదు. మాటివ్వు. ఇంట్లో మేమిద్దరం వంతులేసుకుని ఎత్తుకుంటున్నాం. నడుం పోతోంది."

నడవబోయే బిడ్డని నడవకుండా ఎత్తుకు మోసే తల్లిదండ్రుల్ని అక్కగారు ఇదే చూడటం. "సరేలే పో," అంది. అతను వీధి మలుపు తిరగ్గానే చంటాణ్ణి తీసుకెళ్లి నేల మీద దించింది.

మూడున్నర ప్రాంతంలో అక్కగారు ఒక కోటుకి అస్తరు విప్పుతోంది. చంటాడు కత్తిరింపుల బల్ల కోడు పట్టుకుని లేచాడు. మిషను పక్కన ఎర్రదారం కండె ఒకటి పడుంది. దాని వంక కాసేపు చూశాడు. చెయ్యి వదిలాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో అడుగుకి మిషను తొక్కుడుపలక తగిలి చతికిలబడ్డాడు, కండె మాత్రం దొరకబుచ్చుకున్నాడు.

"అత్తా! తమ్ముడు నడిచాడు!" బొత్తాల డబ్బా వదిలేసి పెద్దది గంతులేసింది.

అక్కగారి నోట్లోంచి సూదులు రాలిపోయాయి. వాణ్ణి ఎత్తి గుండెకి అదుముకుంది. ఆ తర్వాతే తలుపు మీది కాగితంలోని అట్టడుగు వాక్యం గుర్తొచ్చింది. మాట తప్పానని తెలిస్తే వచ్చే నెల దాకా కూడా ఆగరు.

"ఇదిగో చూడు," అంది పెద్దదాన్ని దగ్గరికి లాక్కుని. "ఇది మనిద్దరికే తెలిసిన సంగతి. అమ్మకీ నాన్నకీ చెప్పొద్దు."

"ఎందుకు?"

"వాళ్లకి ఆదివారం పూట మాత్రమే కళ్లు కనిపిస్తాయి. అందుకు."

పెద్దది కిలకిలా నవ్వింది. పాపం తమ్ముడు నొచ్చుకుంటాడనే ఈ దాపరికమంతా అని అక్కగారు తనకి తాను సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు ఆమెకి బాగానే అతికింది.

ఆదివారం రానే వచ్చింది. పూలతోటలో దుప్పటి పరిచారు. ఎదురుగా మూడుకాళ్ల స్టాండు మీద కెమెరా బిగించారు. చంటాడికి అడుగేస్తే కీచుమనే కొత్త బూట్లు తొడిగారు. దుప్పటికి ఆ చివర మరదలు మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచింది. పదకొండూ పది కాగానే తమ్ముడు చెయ్యి ఊపాడు.

చంటాడు చతికిలబడి కూర్చున్నాడు. గడ్డి పీకాడు. పీకిన గడ్డిని నోట్లో పెట్టుకున్నాడు.

లేపి నిలబెట్టారు, కూర్చున్నాడు. బిస్కెట్ చూపించారు, పాక్కుంటూ వెళ్లి తిన్నాడు. గిలక ఊపారు, చప్పట్లు కొట్టారు. తమ్ముడైతే పాకి, లేచి, తూలుతూ నడిచి మరీ చూపించాడు. పక్కన పొద దగ్గర కూర్చున్న ముసలాయన ఆ నడక చూసి పేపరు మడిచి పెట్టుకున్నాడు. అక్కగారు చెట్టుకి ఆనుకుని ఈ తమాషా అంతా చూస్తూ ఎడమ కొసతో నవ్వుకుంది. ఆ నెలలో అంత హాయిగా ఆమె ఎప్పుడూ నవ్వుకోలేదు.

పన్నెండు దాటింది. ఒంటిగంట అయింది. తమ్ముడి మొహం వాడిపోయింది. ఉన్నట్టుండి కూతుర్ని పిలిచాడు.

"నిజం చెప్పు తల్లీ. అత్త దుకాణంలో తమ్ముడు ఎప్పుడైనా నడిచాడా? ఒక్క అడుగైనా?"

అక్కగారి నవ్వు ఆగిపోయింది. పెద్దదానికి అబద్ధం చేతకాదు. బిస్కెట్ దొంగిలించి తింటే చెవులు ఎర్రబడి దొరికిపోయే రకం.

"లేదు నాన్నా," అంది పెద్దది. "అత్త వాణ్ణి అసలు కిందే దించదు. ఎప్పుడూ ఒళ్లోనే ఉంటాడు. నాకే చోటుండదు."

చెవులు ఎర్రబడలేదు. రెప్ప పడలేదు. ఆ చోటుండదన్న ముక్క ఎవరూ నేర్పనిది, సొంతంగా కుట్టుకున్నది. శభాష్ అనుకుంది అక్కగారు ముందు. మరుక్షణమే అసలు సంగతి తట్టింది. పిల్ల జీవితంలో మొట్టమొదటి సిసలైన అబద్ధం అది, దాన్ని కొలిచి కత్తిరించి ఇచ్చింది తనే.

"వదినా," అంది మరదలు. దుప్పటి చివర అలా మోకాళ్ల మీదే ఉండిపోయింది, చేతులు మాత్రం ఒళ్లో పడేసుకుంది. "వీడి కాళ్లలో ఏమైనా లోపం ఉందంటారా? మొన్నటిదాకా పట్టుకుని నిలబడ్డవాడు ఇవాళ నిలబడటమే లేదు. మేం ఎత్తుకుని ఎత్తుకుని పాడుచేశామా? మీరు పెద్దవారు, చెప్పండి."

కన్నీళ్లు గెడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు. ఆ మనిషి కెమెరాకి మొహం పెట్టకుండా ఉండటం అక్కగారు ఈ మూడు ఆదివారాల్లో మొదటిసారి చూసింది. చెప్పకపోతే మంగళ, గురువారాలు మిగులుతాయి. చెబితే పోతాయి. చెట్టు బెరడు వీపుకి గుచ్చుకుంటోంది. ఆమె చెట్టుని వదిలి దుప్పటి దగ్గరికి వచ్చింది.

"నడిచాడు," అంది చివరికి. "మంగళవారమే నడిచాడు. నేనే కింద దించాను. వాడి కాళ్లు దివ్యంగా ఉన్నాయి. నాలుగడుగులు."

తమ్ముడు నోరు తెరిచాడు. తిడతాడేమో, ఏడుస్తాడేమో అనుకుంది అక్కగారు. తిడితే బాగుండుననిపించింది కూడా. అతను జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

"మంగళవారం ఎన్నింటికి?"

"మూడున్నరకి."

"సరిగ్గా మూడున్నరేనా, అటూ ఇటూనా?"

అతను చూపు దించి రాసుకున్నాడు. మరదలు మాత్రం వదినగారి మొహంలోకి చాలాసేపు చూసింది. చంటాడి కీచుబూట్లు విప్పి సంచిలో వేసింది. తర్వాత భర్త వైపు తిరిగి, "ఏమండీ, ఆ శిశు సంరక్షణ కేంద్రం వాళ్లకి రేపే ఫోన్ చెయ్యండి," అంది. దుప్పటి దులిపి మడిచింది.

అక్కగారు పెద్దదాని దగ్గరికి వెళ్లి వంగింది. ఎవరు ఏమనుకున్నా ఈ ఒక్కతి తన పక్షాన ఉంటే చాలుననుకుంది.

"నేను చెప్పలేదు అత్తా," అంది పెద్దది. "నువ్వు చెప్పొద్దన్నావని నాన్నకి కూడా చెప్పలేదు. నువ్వే చెప్పేశావ్."

"తప్పయిందే. చెప్పొద్దనడమే తప్పు నాది."

పెద్దది అత్తని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. దాని మూతి ఎడమ కొస మెల్లగా పైకి లేచింది. వెంటనే తల తిప్పుకుని, సంచి మోస్తున్న తల్లి వెనక నడిచివెళ్లిపోయింది. అక్కగారి చెయ్యి తన మూతి మీదికి వెళ్లింది.