మూఁడవ చోటు

వర్షాంతమున వరద తీసి తేటపడిన గౌతమీజలములు శరద్గగనము ననుకరించుచు నీలకాంతుల నీనుచుండ, వేఁకువ మంచు దూరపుఁ గొండల మొదళ్లనుండి మైదానము మీఁది అరఁటితోఁటల దాఁక వ్యాపించి ప్రొద్దెక్కుకొలఁది మెల్లమెల్లఁగాఁ గరఁగుచుండ, ఉసిరిక చెట్టున్న ప్రతి తోఁటయు బాలవృద్ధుల కోలాహలముతోను వంటకముల పరిమళముతోను నిండిపోవుచుండ, రాజమహేంద్రవర పురజనులు గంపలతో గిన్నెలతో చాపలతో కుటుంబసమేతులై వనభోజనములకుఁ దరలిపోవు కార్తిక మాసమునందు ఒంటరితనమును భరించుట తక్కిన మాసములకంటెఁ గష్టము. ఊరెల్ల నడవికిఁ బోయినప్పుడు ఇంట మిగిలినవారికి గోడగడియారముకంటె వేఱు చుట్టము లేదు.

ఈ సంగతి హైమవతికిఁ దెలిసినంతగా ఆ పురమున మఱెవ్వరికిని దెలియదు. పశువైద్యుఁడగు మార్కండేయులకు ద్వితీయకళత్రమై ముదిరిన వయసున ఆమె ఆ యింట నడుగిడి రెండేండ్లు గడచెను. జ్వరముపాలై కన్నుమూసిన మొదటి యిల్లాలు వసుంధర వనప్రియ. సెలవు దొరకినంతనే మగనిని కూఁతుని పాత జీపులోఁ గూర్చుండఁబెట్టికొని తానే నడుపుచు బాట లేని కొండలమీఁదికిఁ గొనిపోయి సెలయేటి యొడ్డున గుడారము వేసి కట్టెలపొయ్యిమీఁద అన్నము వండి పెట్టిన సాహసి. ఆమె పోయినను ఆ యలవాటు పోలేదు. మార్కండేయులును పదుమూఁడేండ్ల కూఁతురు స్నిగ్ధయు నెలకొకమాఱైనను గుడారము చుట్టి జీపులో వైచుకొని యడవికిఁ బోవుచుండిరి.

వివాహమైన తొలిమాసమున మార్కండేయులు భార్యను బిలిచెను.

“రేపు మారేడుమిల్లి వెళ్తున్నాం హైమా. నువ్వూ రారాదూ?”

ఆ మాట విన్నంతనే హైమవతి మనస్సు జీపెక్కి కూర్చుండెను. కాని ఆమె యిరువది వసంతములు అన్నగారి పంచను అతిథివలె బ్రదికినది. వలదనుట మర్యాదయనియు బలవంతపెట్టుట ప్రేమయనియు నెంచు సంప్రదాయమునఁ బెరిగిన మన యాఁడువారికి మొదటి పిలుపునకే లేచుట తలవంపు. విస్తరిమీఁద చేయి యడ్డము పెట్టుట వడ్డన వలదనుటకుఁ గాదని తెలుఁగు నేలమీఁద నెవ్వరికిఁ దెలియదు? కావున నామె తలవంచుకొని యొక సాకు వెదకి చెప్పెను.

“ముగ్గురు కలిసి బయల్దేరకూడదంటారు కదండీ. మీరిద్దరూ వెళ్ళిరండి.”

“భలేదానివే, పద పద” యని యతఁ డనునని యామె యెదురుచూచెను. గది మూలను చీర లప్పటికే మడిచిపెట్టి యుండెను. కాని యాఁకలైనచో నఱచియు నక్కఱలేనిచో మూతి త్రిప్పియు నున్నదున్నట్లు తెలుపు పశువుల నడుమ జన్మము గడపిన యా పెద్దమనిషికి లేదనుటలో ఔనను నర్థ ముండునని యెవ్వరును నేర్పి యుండలేదు. అతఁడు తల యూఁచి “నీ నమ్మకం నీది. నేను బలవంతపెట్టనులే” యని పలికి మఱునాఁటి వేఁకువనే కూఁతుతోఁ బయనమయ్యెను. ఆపై నెన్నఁడును ఆమెను బిలువలేదు. అది నిర్లక్ష్యము గాదు. భార్య పట్టింపును మన్నించుచున్నానని యతఁడు లోలోన గర్వించుచుండెను.

అది మొదలు హైమవతి యిరువురకు సరిపడు పులిహోర కలిపి డబ్బాలోఁ బెట్టి యిచ్చి వాకిట నిలిచి జీపు మలుపు తిరుగువఱకుఁ జూచి లోపలికిఁ బోవుచుండెను. తనకై వేఱుగా వండుకొనుటకు మనసొప్పక గిన్నె యడుగున మిగిలిన మెతుకులను నిలుచుండియే తిని యేడ్చెడిది. రెండు దినములకు వారు బురదకాళ్లతో పొగవాసనతో తిరిగివచ్చి తమలోఁ దాము నవ్వుకొనుచుండఁగా ఆమె వంటింటి గడపకడ నిలిచి యడిగెడిది.

“చలి ఎక్కువగా ఉందా అమ్మా?”

“మామూలేనండి. మీరు పులిహోర బాగా చేశారు” అని స్నిగ్ధ బదులు పలికెడిది. ఆ బాలిక మాటలో నెన్నఁడును దోషము లేదు. పొరుగింటి పెద్దామెతో మాటలాడునప్పుడును ఆమె యట్లే పలుకును.

ఇట్లుండఁగా వసుంధర నాఁటి జీపు మూలపడెను. బాగుచేయుట వృథాయని మరమ్మతువాఁడు చేతులెత్తుటతో క్రొత్త వాహనము కొనవలసి వచ్చెను. అంత ప్రతి రాత్రి భోజనవేళ ఆ యింట తండ్రికూఁతుండ్ర వాదప్రతివాదములు చెలరేఁగెను. నేలకు బండి కడుపు తగులకుండుటకు జానెడెత్తు చాలునా, నాలుగు చక్రములకును బలమందు బండి లేకున్న బురదలో గతి యేమి, గుడారము నేలమీఁద వేయుట మేలా బండిపైకప్పున బిగించుట మేలా యను ప్రశ్నలకు అన్నము చల్లారుచుండెను. తుదకు రెండు బండ్లు తేలెను. ఒకటి మూఁడు వరుసల చోటులతో విశాలమైన పొడవుబండి. రెండవది పొట్టిదై బిగువైనది. వెనుక సీటు మడిచినచో ఇరువురు చక్కఁగాఁ బండుకొనవచ్చును.

హైమవతి వడ్డించుచు ప్రతి మాటను వినుచుండెను. చక్రముల సంగతి యామె కక్కఱలేదు. ఆమె యాలోచన యొక్కటియే. ఆ యింట బండి కొనుట చీర కొనుట వంటిది గాదు. ఒకమాఱు వచ్చినది పిల్ల పెండ్లి దాఁక నుండును. రెండు పడకల బండియే గుమ్మములోనికి వచ్చినచో తాను లేని ప్రయాణమే యీ కుటుంబమునకు శాశ్వతమైన ప్రయాణ మగును. పొడవుబండి కొనుఁడని చెప్పుటకు నోరు తెఱచినప్పుడెల్ల ఆమెకు అన్నగారి యింటి గోడలు జ్ఞప్తికి వచ్చి నోరు మూసికొనుచుండెను.

కార్తిక మాసపు మూఁడవ ఆదివారమున మువ్వురును బండ్ల యంగడికిఁ బోయిరి. ఊరిలోని పనికి పట్టింపు లేదని హైమవతి ముందుగానే చెప్పి తానును వెంట వచ్చెను. దొరబాబను విక్రేత మెడపట్టీ సవరించుకొని యెదురువచ్చి మర్యాదలు జరపి యడిగెను.

“ఆయ్, ఎంతమందండీ డాక్టరుగారూ ప్రయాణం చేసేది?”

“ఇద్దరమేనండి” అని మార్కండేయులు తడుముకొనకుండఁ బలికెను.

హైమవతి యతని ప్రక్కనే నిలిచి యుండెను. దొరబాబు కన్నులు ముగ్గురిమీఁదను ప్రాఁకి తికమకపడెను.

“మరి మేడంగారండీ?”

“ఆవిడకి ఇలాంటివి పడవండి. మేం బలవంతపెట్టం” అనుచు మార్కండేయులు భార్యవైపు ఆదరముతోఁ జూచి నవ్వెను. హైమవతియు నవ్వెను. ఆ నవ్వునకై యామె పడిన శ్రమ కొండ యెక్కుటకుఁ దక్కువ గాదు.

పొడవుబండి తలుపు తెఱచి దొరబాబు దాని గుణగణములను వర్ణించుచుండఁగా మార్కండేయులు కొండమలుపులలో నింత పొడవు తిరుగదని పెదవి విఱిచెను. స్నిగ్ధ యప్పటికే పొట్టిబండిలోనికి దూఱి సీటు మడిపించుకొని వెల్లకిలఁ బండుకొని కాళ్లు చాఁచి కేకవేసెను.

“నాన్నా! సరిగ్గా మనిద్దరికీ సరిపోయింది!”

ఇఁక బండి సత్తువ నెఱుఁగుటయే తరువాయి. కోరుకొండ దారిలో ఊరు దాఁటిన పిమ్మట ఎఱ్ఱకంకర త్రవ్విన యొక గుట్టయు దాని పాదమున మోకాలిలోఁతు వాఁగును గలవు. దొరబాబు బండి నడుపుచు వారిని అచటికిఁ గొనిపోయెను. వెనుక సీటునఁ గూఁతుఁ బ్రక్కను హైమవతి యొదిగి కూర్చుండెను. కిటికీలోనుండి కోసిన వరిపనల వాసన వచ్చుచుండఁగా ఆమె యా కొంతసేపును సంతోషించెను. వాఁగు చేరినంతనే దొరబాబు దిగి పంట్లాము మడిచెను.

“నేను ముందు దాటి దారి చూపిస్తానండి డాక్టరుగారూ. మీరు నా వెనకాలే ఎక్కించెయ్యండి.”

మార్కండేయులు చుక్కానిచక్రము ముందు కూర్చుండెను. అంత నతనికేదో తోఁచి వెనుకకుఁ దిరిగి మెల్లఁగాఁ బలికెను.

“హైమా, ముగ్గురమైపోయాం. కొండ ప్రయాణమాయె, నీకు మనసులో పీకుతూ ఉంటుంది. కాసేపు దిగి ఉండు, ఇట్టే వచ్చేస్తాం.”

అతని కంఠమున నెంత దయ యుండెనో చెప్పనలవి గాదు. హైమవతి దిగెను. తలుపు మూసికొనెను. బండి వాఁగులోనికి దిగి నీటిని రెండు ఱెక్కలుగాఁ జిమ్మి యావలి యొడ్డెక్కి గర్జించుచు గుట్టమీఁదికిఁ బ్రాఁకెను. తండ్రికూఁతుండ్ర కేరింత యొకమాఱు వినవచ్చి మలుపువెనుక నడఁగిపోయెను. అప్పటికే వాఁగు దాఁటిన దొరబాబు చేతు లూఁపుచు వారివెంటఁ బరుగెత్తెను.

తరువాత నిశ్శబ్దము. కలఁగిన నీరు మరల తేటపడెను. ఆవలి తోఁటలో నెవరో వనభోజనములవారు పిల్లలను విస్తళ్లకుఁ బిలుచుచుండిరి. పేరు పేరునఁ బిలిచి రానివారిని మందలించుచుండిరి. హైమవతి తుమ్మచెట్టు నీడను నేలమీఁదఁ గూర్చుండి యా పేరులన్నిటిని వినెను. తన్ను మందలించి పిలుచువారు లోకమునఁ గలరా యని యామెకు దుఃఖము పొంగివచ్చెను. మగనిని నిందింతునా యనుకొనెను. అతఁడు చేసిన యపరాధ మేమి? తన నోటిమాటనే నమ్మి దానినే తన కప్పగించినాఁడు. అడుగనిది అమ్మయైనను బెట్టదను సామెత తాను అన్నగారి పిల్లల కెన్నిమాఱులు చెప్పలేదు! పెట్టకపోయినను బ్రదుకవచ్చును గాని అడిగిన పిమ్మట లేదనిపించుకొని బ్రదుకుట యెట్లను వెఱపే తన్ను రెండేండ్లు గడపలోపల నిలిపినదని యామెకు నేఁ డెఱుకపడెను. ఈ బండియే ఖాయమైనచో తన కడుగుటకైన నేమి మిగులును?

గుట్టమీఁదినుండి బండి దిగివచ్చెను. మార్కండేయులు ఎఱ్ఱదుమ్ముతో వెలుఁగు మొగముతోఁ గ్రిందికి దుమికెను.

“అబ్బ! మేకపిల్లలా ఎక్కేసిందండీ దొరబాబుగారూ. ఇంకేం చూడక్కర్లేదు, ఇదే ఖాయం చేసెయ్యండి.”

హైమవతి లేచెను. చీర కంటిన దుమ్ము దులుపుకొనలేదు.

“దీంట్లో నాకు చోటేదండీ?”

మార్కండేయులు భార్యవైపు దిరిగెను.

“అదేంటి హైమా, నువ్వు రానన్నావు కదా?”

“రానన్నానండి. మీరు మళ్ళీ రమ్మంటారని రానన్నాను.”

దొరబాబు మర్యాదస్థుఁడు గనుక చక్రముకడకుఁ బోయి వంగి దానియందేమియు లేకున్నను తదేకదృష్టితోఁ జూడసాగెను. మార్కండేయులు భార్యవైపు ఒక యడుగు వైచెను.

“మరి ముగ్గురు వెళ్ళకూడదన్న పట్టింపో?”

“అది మా వదిన పట్టింపండి. నాకేం లేదు.”

అతఁ డెన్ని మూఁగజీవముల బాధ నెఱిఁగి మందిచ్చినాఁడో! మాటలాడఁగల ప్రాణి యొకటి తన యింటనే రెండేండ్లు నకనకలాడినది తెలిసికొనలేకపోయినాఁడు. అతని కన్నులు చెమర్చెను. సిగ్గుచేత భార్య మొగము చూడఁజాలక కూఁతువైపు చూచెను.

స్నిగ్ధ బండి తలుపు పట్టుకొని నిలిచి యుండెను. పిల్ల మొగము ముడుచుకొనెను. ఆమె మెల్లఁగా ననెను.

“మా అమ్మ జీపని మీరు ఎక్కరనుకున్నాను.”

ఆ బాలికయు నిన్నాళ్లు తనవలెనే యొక మాటను మ్రింగికొని తిరిగినదని హైమవతికప్పుడు తెలిసెను. చేయి చాఁపఁబోవునంతలో స్నిగ్ధ వెనుదిరిగి వాఁగులోనికి దిగిపోయెను. కోపించి పోయెనని హైమవతి భయపడెను. అడిగిన ఫలితమిదియే గాఁబోలు ననుకొనెను. ఆ పిల్ల నీటిలో వంగి యేమో వెదకుచుండెను, ఒకదానిని దీసి చూచి పాఱవైచెను, మఱియొకదానిని దీసెను. తుదకు తడిసిన పరికిణీతో వచ్చి పిడికెఁడంత నున్నని ఱాయిని సీటుమీఁదఁ బెట్టెను.

“నాలుగోది” అనెను.

మువ్వురు పయనము గావలసి వచ్చినప్పుడు ఱాతి నొకదానిని నాలవవానిగా వెంటఁగొనిపోవుట గోదావరి యిండ్ల ముసలమ్మ లెల్ల రెఱిఁగిన పరిహారమే. స్నిగ్ధకుఁ దన యమ్మమ్మ చెప్పియుండెను. హైమవతికిఁ దన వదినెయే చెప్పియుండెను. ఆ విషయ మిద్దఱకును మొదటినుండి తెలియును. అడిగినవారు లేరు, చెప్పినవారును లేరు.

మార్కండేయులు ఱాతిని జూచి తడఁబడుచుఁ బలికెను.

“దొరబాబుగారున్నారు కదమ్మా, ఇప్పుడు నలుగురమేగా?”

“ఇప్పటికి కాదు నాన్నా. అడవికి.”

ఆ పశువైద్యుఁడు దొరబాబు భుజము తట్టి “ఆ పొడవుబండి ఇంకోసారి చూద్దామండీ. మలుపులు నేనే నేర్చుకుంటాను” అనెను. దొరబాబు చక్రము చూచుట మానెను.

మరల నందఱు నెక్కిరి. బండి గతుకుల దారిని బట్టెను. ఆ యిఱుకు సీటున నిద్దఱి మోకాళ్లును ఒరసికొనుచుండెను గాని యెవ్వరును జరుగలేదు. ప్రతి గతుకునకును ఱాయి యిటునటు దొరలుచుండఁగా స్నిగ్ధ దానిని దీసి హైమవతి యొడిలోఁ బెట్టెను.

“గట్టిగా పట్టుకో పిన్నీ, పడిపోతుంది.”

మీరను మాటయే గాని చుట్టఱికపుఁ బిలుపు నెఱుఁగని యా నోట నా పలుకు వెలువడుట విని హైమవతి కిటికీవైపు మొగము త్రిప్పుకొనెను. రెండేండ్ల యేకాంతమునకుఁ జాలిన మందు ఏటిలో నుచితముగా దొరకునదియే యని తెలిసినప్పుడు మనుష్యుఁడు నవ్వవలెనో యేడ్వవలెనో పెద్దలు నిర్ణయింపలేదు. తడి ఱాయి చీరను దడిపి తొడను జల్లఁగాఁ దాఁకుచుండెను. ఆమె యూరు చేరువఱకు నేడ్చుచునే యుండెను గాని యా ఱాతిని మాత్రము క్రింద నుంచలేదు.