వెనక గది నెమ్ము

డాబా మీద నీళ్ళు పోయే గొట్టం మూతికి ఎండాకులు, పిట్ట ఈకలు, సగం కుళ్ళిన గుడ్డపీలిక ఒకటి అడ్డం పడి ఉన్నాయి. గొంతుక్కూర్చుని చేత్తోనే లాగుతున్నాను. వానలు రాకముందే ఈ పని అవ్వాలి. తర్వాత కిటికీ బందులకు నూనె వెయ్యాలి, తడికి ఉబ్బి పట్టేసే వంటింటి తలుపు అంచు గీకాలి, పిట్టగోడ కింద పగులు పూడ్పించాలి. ఆ చివరిది మాత్రం నా చేతుల్లో లేదు. దానికి మేస్త్రీని పిలవాలి. మేస్త్రీని పిలవాలంటే మా ఆయన ఊ అనాలి.

“సెలవు రోజన్నా కుదురుగా కూర్చోవు కదా,” అన్నారు ఆయన కింద నుంచి. గొంతులో విసుగేమీ లేదు. ఇదంతా నేను సరదాకి చేస్తున్నానని ఆయన నిజంగానే అనుకుంటారు.

ఆ పగులు సంగతి రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. నీళ్ళు అందులోంచి వెనక గది గోడలోకి దిగుతున్నాయి. మొదట అరచేతంత మచ్చ, ఇప్పుడు మంచం తలాపు దాటి పైకి పాకింది. అది ఒకప్పుడు సామాను గది. పొద్దున షిఫ్టు కోసం నేను పెట్టుకునే అలారానికి ఆయన నిద్ర పాడవుతోందని, “కొన్నాళ్ళు వెనక పడుకోరాదూ,” అన్నారు. ఆ కొన్నాళ్ళలోనే రెండు వానాకాలాలు వెళ్ళిపోయాయి. నా దగ్గు అక్కడే మొదలైంది. డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి విని, “నెమ్ము చేరిందమ్మా,” అంది. గోడకీ అదే, నాకూ అదే. నాకు నవ్వొచ్చింది, ఆవిడకి ఎందుకో అర్థం కాలేదు. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య, “తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకోవుగా మరి,” అన్నారు. తలారబెట్టుకోవడానికి టైమెక్కడుందని నేనూ అడగలేదు.

నా ఉద్యోగం కూడా ఇళ్ళ గురించే. రంగు డబ్బాల మీద ఒక ఫోన్ నంబరు ఉంటుంది, ఇంటి మరమ్మతులకు ఉచితంగా సలహా చెబుతామని. ఆ ఫోన్లు ఎత్తేవాళ్ళలో నేనొకదాన్ని. ఎండలు ముదరకముందే డాబాకి తెల్ల పూత వేయించుకోండి, చలికి ముందు తలుపు సందులు మూయించుకోండి, వానలకి ముందు ఈ పగులు వదిలేసినా ఫర్వాలేదు, ఆ పగులు మాత్రం వదలొద్దు అని రోజంతా చెబుతాను. చెబితే వింటారు. రాసుకుంటున్నాం ఆగండి మేడమ్, అంటారు. అక్కడ నాకు వేరే పేరుంది, పలకడానికి పొట్టిగా ఉండాలని మా టీమ్ లీడర్ పెట్టింది. గొంతు కూడా వేరే. నవ్వుతూ మాట్లాడితే ఆ నవ్వు అవతలివాళ్ళకి వినబడుతుందని నేర్పించారు. ఆ గొంతు మా ఇంట్లో ఎవరూ వినలేదు. మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే ఆయన, “ఏదో ఫోన్ల ఆఫీసులెండి,” అంటారు. ఏ ఫోన్లో, ఎవరివో ఎప్పుడూ అడగలేదు.

ఆ వారంలోనే వెనక గది బీరువాలో వేలాడదీసిన ఆయన కోటుకి బూజు పట్టింది. కోటు రెండు చేతులా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

“ఇది చూశావా? ఇంతదాకా వస్తే చెప్పొద్దూ?”

“చెప్పానుగా.”

“చెప్పడమంటే అలా గొణగడం కాదు. వినబడేలా చెప్పాలి.”

మర్నాడు పొద్దెక్కాక ఆఫీసులో నా హెడ్‌ఫోన్‌లోకి ఆయన గొంతు వచ్చింది. “నమస్తే అండి. మా ఇంట్లో ఒక గోడకి చెమ్మ దిగుతోంది. మీకు రెండు నిమిషాలు వీలవుతుందా మేడమ్?”

గుర్తుపట్టేస్తారనుకున్నాను. నవ్వు గొంతుతో నా పొట్టి పేరు చెప్పి, చెప్పండి సార్ అన్నాను. గుర్తుపట్టలేదు. పెళ్ళయ్యాక ఆయన నన్ను వీలవుతుందా అని అడగడం అదే మొదటిసారి.

“పిట్టగోడ కింద పగులుందండి. నీళ్ళు అక్కణ్ణుంచే దిగుతున్నాయని నా అనుమానం. పైపైన రంగు వేస్తే లాభం లేదు, ముందు ఆ పగులు సంగతి చూడాలి. అంతేనా?”

అవి నా మాటలు. ఒక్కటీ పొల్లుపోలేదు. గొణిగినా సరే విన్నారన్నమాట, అనుకున్నాను. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ కాస్త సేపు నాకు సంతోషంగా కూడా అనిపించింది.

తర్వాత అడగాల్సిన ప్రశ్న కంప్యూటర్ తెర మీద ఉంది. ఆ గదిలో మనుషులుంటే ముందు వాళ్ళని వేరే గదిలోకి మార్పించి, మరమ్మతు వెంటనే చేయించమనాలి. లేకపోతే తొందర లేదనాలి.

“ఆ గదిలో ఎవరైనా ఉంటున్నారా అండి? దగ్గు, ఆయాసం ఉన్నవాళ్ళు ఎవరైనా?”

“ఎవరూ లేరండి. అది సామాను గది.”

“రాత్రిపూట కూడా ఎవరూ పడుకోరా?” ఇది తెర మీద లేదు. నేనే అడిగాను.

“లేదండి. ఖాళీయే.”

అబద్ధమాడే ముందు ఆయన గొంతు సవరించుకుంటారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఒక్కటీ నాకు ఖాయంగా తెలుసు. గొంతు సవరించుకోలేదు. పొద్దునే నేను పెట్టిన కాఫీ ఎలా ఉందంటే ఎంత మామూలుగా చెబుతారో, ఖాళీయే అని అంత మామూలుగా చెప్పారు.

నా కాల్ వింటున్న లీడర్ అటు నుంచి చెయ్యి ఊపింది, కానివ్వమని. తెర మీద ఉన్నది చదివాను. “అయితే కంగారేమీ లేదండి. వానలు తగ్గాక చేయించుకోవచ్చు. అప్పటిదాకా ఆ గది తలుపు మూసి ఉంచండి. బట్టలు మాత్రం వేరే చోటికి మార్చుకోండి.”

“చాలా థాంక్స్ మేడమ్. ఇంత వివరంగా మాకు ఎవరూ చెప్పలేదు.”

సాయంత్రం నేను వెళ్ళేసరికి కోటు ముందు గదిలోకి మారిపోయింది. భోజనాల దగ్గర ఆయన వాళ్ళమ్మకి చెబుతున్నారు. “కంపెనీ వాళ్ళనే అడిగానమ్మా. తొందరేం లేదన్నారు. ఇదే ఊరికే హడావిడి పడుతోంది.”

“నేను చెప్పలా?” అన్నారు అత్తయ్య, కంచంలోంచి తలెత్తకుండా.

“ఆ గదిలో ఎవరూ ఉండరని చెప్పారా?” అని అడిగాను.

ఆయన అన్నం కలుపుతూనే అన్నారు, “ఉండటమంటే ఏముంది, రాత్రి పడుకోడానికేగా నువ్వక్కడికి వెళ్ళేది. పగలంతా ఖాళీయేగా.”

“ఆ ఫోనెత్తింది నేనే.”

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. అత్తయ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. నేను ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. ఏదో ఒకటి కదులుతుందని, ఎంత చిన్నదైనా సరే, ఎదురుచూశాను. ఆయన మొహంలో నిజంగానే ఒకటి కదిలింది. అది తేలికపడటం.

“మరింకేం? వానలు తగ్గాక చేయించొచ్చని నువ్వే చెప్పావుగా.”

చెప్పింది నేనే.

గిన్నెలు కడిగేశాక వెనక గదిలోంచి నా పరుపు ఈడ్చుకొచ్చి హాల్లో, వాళ్ళిద్దరి గదులకీ బాత్రూముకీ మధ్య వేసుకున్నాను. అత్తయ్య గుమ్మంలోకి వచ్చి, “నడిచే దారికి అడ్డంగా వేశావేమిటమ్మా?” అన్నారు.

“అడ్డంగానే వేశానత్తయ్యా.”

ఆవిడ కొడుకు వైపు చూశారు. “దాని ఇష్టం లేమ్మా,” అన్నారు ఆయన. మొదట్లో బాత్రూముకి లేచినప్పుడల్లా ఇద్దరూ నా దగ్గర ఆగేవారు. లైటు వేసి, నా కాళ్ళెటున్నాయో తలెటుందో చూసుకుని, గోడ పట్టుకుని జాగ్రత్తగా పక్కనుంచి వెళ్ళేవారు. ఏదో ఒక రాత్రి ఎవరో ఒకరు నా కాళ్ళు తట్టుకుని తూలతారు, అప్పుడైనా కిందికి చూసి, లేచి ఇలా రా అంటారు అనుకుని, నిద్ర పట్టకపోయినా కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని.

వానలు పడ్డాయి. వెనక గది గోడ పైదాకా నల్లబడింది. హాల్లో నేను దగ్గుతుంటే తలుపులు దగ్గరగా వేసుకుంటున్నారు. ఇప్పుడు లైటు కూడా వెయ్యడం లేదు. కాలు ఎక్కడ ఎత్తాలో ఇద్దరికీ అలవాటైపోయింది. చీకట్లోనే నా మీంచి దాటుకుని వెళ్తున్నారు.